మెల్లగా మాస్టారు

మా మాస్టారికి తొందరంటే పడదు. పరిశోధన విద్యార్థినిగా చేరిన మొదటిరోజు నేను ప్రయోగశాల తలుపు మామూలుగానే వేశాను. ఆయన గుండె పట్టుకుని కుర్చీలో కూలబడ్డారు.

"మెల్లగా తల్లీ! లోపల లక్షల మంది వరసలో నిలబడుతున్నారు!"

ఆ లక్షల మంది కంటికి ఆనని ప్లాస్టిక్ గుండ్లు. నీళ్ళలో కలిపి, రెండు గాజు పలకల మధ్య వెంట్రుక కంటే సన్నని సందులోకి ఎక్కిస్తాం. కదపకుండా వదిలేస్తే, పలకల్ని ఆనుకుని మొదలుపెట్టి, వాటంతట అవే వరసలు కట్టి స్ఫటికమవుతాయి. తొందరపెడితే ఎక్కడివక్కడ ఇరుక్కుని ముద్దయిపోతాయి. మా చదువంతా ఇంతే.

ఇంత మాత్రానికే మాస్టారు ఫ్యాను వెయ్యనిచ్చేవారు కాదు. తుమ్మొస్తే మెట్లదాకా పోయి తుమ్మి రావాలి. వేడి టీ ఊదుకుంటే గాలి కదులుతుందని చల్లారాకే తాగేవారు. వాళ్ళావిడ ఫోన్ చేసేది.

"ఏమండీ, భోజనానికి బయల్దేరారా?"

"బయల్దేరానోయ్."

"నిన్న కూడా అదే మాటన్నారు!"

నాకంత ఓపికేదీ? నాలుగేళ్ళయినా నా గుండ్లు వరస కట్టలేదు. ఒళ్ళు మండి, ఒకరోజు ఆయన లేనప్పుడు పై పలక మీద రెండు లావుపాటి నిఘంటువులు పెట్టాను. అంతా ముద్ద. ఆయన వచ్చి చూసి నిట్టూర్చారు.

"మళ్ళీ మొదలెట్టు తల్లీ. ఈసారి బెదిరించకు, బతిమాలు."

ఆ మధ్యాహ్నమే శాఖాధిపతి విసురుగా వచ్చారు.

"మాస్టారూ, ఈ అమ్మాయిని తీసేసే కాగితం పంపి మూడు నెలలైంది. ఒక్క పేజీ! చదివి సంతకం పెట్టడానికి ఇంకెన్నాళ్ళు?"

ఆ కాగితం సంగతి నాకు అప్పటిదాకా తెలీదు. ఆ సంతకం పడితే నాలుగేళ్ళ చదువూ గంగలో కలిసినట్టే.

"చదువుతున్నానండీ. రెండో వాక్యంలో ఉన్నాను."

"మూడు నెలల్లోనా?"

"తొందరపడితే అర్థం చెడిపోదూ?"

"శుక్రవారం దాకా చూస్తా!" తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయారాయన.

మాస్టారి నిదానం చూసి నాలుగేళ్ళు నవ్వుకున్నాను. మూడు నెలలుగా నన్ను నిలబెట్టింది అదేనని అప్పుడు తెలిసింది. చేతులెత్తి దణ్ణం పెట్టబోయి, గాలి కదులుతుందని ఆగిపోయాను.

వెంటనే కొత్త పలక సిద్ధం చేశాను. ఈసారి నిజంగానే బతిమాలాను. శుక్రవారం పొద్దున పలక అంచున ఆకుపచ్చ మెరుపు. సూక్ష్మదర్శినిలో చూస్తే, వరస తర్వాత వరస! మాస్టారు చాలాసేపు చూసి, కళ్ళజోడు తుడుచుకుని, సొరుగులోంచి కాగితం తీసి శాఖాధిపతి గదికి నడిచారు. నేనూ వెంట వెళ్ళాను.

"చదవడం పూర్తయిందండీ. 'ఈమె చేతిలో ఏదీ కుదరదు' అని రాశారు. అది తప్పు. వచ్చి చూడండి. కాస్త మెల్లగా రండి."

అంత పెద్దమనిషీ బూట్లు గుమ్మంలో విప్పి, మునివేళ్ళ మీద లోపలికొచ్చారు. వంగి చూశారు. మళ్ళీ చూశారు. మాస్టారి చేతిలోంచి కాగితం తీసుకుని చింపబోయారు.

"మెల్లగా," అన్నారు మాస్టారు.