మందు పోసేది ఎవరు?

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి రావడం మొదలైతే ఆ చుట్టుపక్కల బస్తీలన్నీ తుమ్ముతాయి. మార్కెట్ వెనక సందులో ఉన్న చిన్న దవాఖానలోనూ అంతే. డాక్టరు తుమ్ముతాడు, నర్సు తుమ్ముతుంది, ఏ జబ్బుతో వచ్చినవాళ్లయినా ముందు తుమ్మి తర్వాత బాధ చెప్పుకుంటారు. మందుల కిటికీ వెనక కూర్చునే సుభాషిణి మాత్రం మూతికి మాస్కు కట్టుకుని, కళ్లతోనే నవ్వుతూ, పిల్లలకు మందు తీసుకునే ప్రతి ఒక్కరినీ ఒకే ప్రశ్న అడుగుతుంది.

"ఇంట్ల మందు పోసేది ఎవరు?"

ఈ ప్రశ్న ఆమె ఫార్మసీ కాలేజీలో నేర్చుకున్నది కాదు. హుసేన్‌బీ ఇంటి నుంచి వచ్చింది.

చలికాలం వెళ్లిపోతున్న రోజుల్లో ఒకనాడు, హుసేన్‌బీ కొడుకు షకీల్ ఆటో రోడ్డు మీదే వదిలేసి కిటికీ దగ్గరికి వచ్చాడు. చేతిలో జ్వరం మందు సీసా, ఖాళీది.

"మేడం, ఇంకో సీసా ఇయ్యుండ్రి. అయిపోయింది."

సుభాషిణి చెయ్యి అలవాటుగా అరలోకి వెళ్లింది. అందుకున్న సీసా ఇవ్వబోతూ ఆగింది. ఐదు రోజులకు రావాల్సిన మందు. మొన్ననే ఇచ్చింది.

"కింద పడ్డదా?"

"లేదు మేడం. చుక్క గూడ పడలే. అంత పిల్లగానికే పోసినం."

"పోసింది ఎవరు?"

"నేనే. పొద్దుగాల ఒకసారి, రాత్రి ఆటో పెట్టి వచ్చినంక ఒకసారి."

వెనకాల పిల్లవాణ్ణి భుజాన వేసుకుని నిలబడ్డ అతని భార్య సబియా ముందుకొచ్చింది. "మీరెప్పుడు పోసిండ్రు? డాక్టర్ చెప్పిన టైముకు నేను పోస్తున్న గదా!"

ఆమె వెనక నుంచి అత్తగారు హుసేన్‌బీ గొంతు గర్వంగా లేచింది. "మీ ఇద్దరికి యాది ఉంటదా? ఒకరు ఆటోల, ఒకరు ఫోన్ల. అందుకే నేను గూడ టైముకు పోసిన."

లైనంతా నవ్వింది. సుభాషిణికి మాత్రం నవ్వు రాలేదు. ముగ్గురి ప్రేమా ఆ ఒక్క చిన్న పొట్టలో పడింది. ఆమె కిటికీ వదిలేసి పిల్లవాణ్ణి ఎత్తుకుని డాక్టర్ సుదర్శన్ గదిలోకి పరుగెత్తింది. ఆయన పిల్లవాణ్ణి చూసి, చీటీ రాసి, వెంటనే పెద్ద దవాఖానకు పంపాడు. అక్కడ రక్తం పరీక్షలు చేసి, కాలేయానికి ఏమీ కాలేదని తేలేదాకా ఉంచుకున్నారు. పిల్లవాడు నవ్వుతూ ఇల్లు చేరాడు. ఆ మధ్యలో సుభాషిణి ఇంట్లో అన్నం సరిగ్గా తిన్నది లేదు. ఆమెకూ రెండేళ్ల కూతురుంది, అక్షర. ఏ పిల్ల నలతగా ఉన్నా ఆమెకు అక్షరే కళ్లలో మెదులుతుంది.

వారం తర్వాత తన బీపీ గోలీల కోసం వచ్చిన హుసేన్‌బీ కిటికీలోకి తల పెట్టి రహస్యం చెప్పింది.

"బిడ్డా, ఇప్పుడు ఏ మందైన పోసేది నేనొక్కదాన్నే. సీసా నా పాన్‌దాన్‌ల, ఆకు వక్కల నడుమ పెట్టి తాళమేసిన. నా పాన్‌దాన్ ముట్టే ధైర్యం మా ఇంట్ల ఎవరికి లేదు. మా ఆయనకే లేకుండె."

అప్పటి నుంచి మొదలైంది ఆ ప్రశ్న. పోసేది ఎవరో ఒక్కరి పేరు చెప్పాలి, ఎంత పోస్తారో కొలత మూతలో నీళ్లు పోసి చూపించాలి. అప్పుడే సీసా చేతికొస్తుంది. కిటికీ దగ్గర రోజూ తమాషానే. అత్తాకోడళ్లు నేనంటే నేనని వాదులాడుకునేవారు. ఒకామె మొగుడి పేరు చెబితే, ఆ మొగుడు బిక్కమొహం వేసి "నాకు పాలు పొయ్యనే రాదు" అనేవాడు. నీళ్లు కొలవమంటే కొందరు మూత నిండా పోసేవాళ్లు, అలాంటివాళ్లు సుభాషిణి అనుకున్నదానికన్నా చాలామందే ఉన్నారు.

అయితే లైను పెరిగింది. మార్కెట్లో బస్తాలు మోసే కట్టయ్య అందరికన్నా గట్టిగా అరిచేవాడు.

"మేడం, ఇది దవాఖాననా, పెండ్లి చూపులా? అందరి ఇంటి ముచ్చట మీకెందుకు? గోలీలియ్యుండ్రి, పోత. ఆడ లారీ నిలబడ్డది."

డాక్టర్ సుదర్శన్ మంచివాడే. కానీ ఎండలో నిలబడ్డ ఒక ముసలాయనకు కళ్లు తిరగడంతో ఆయన సుభాషిణిని పిలిచాడు.

"మీరడిగేది మంచి ప్రశ్నే. నిమిషమే పడుతుంది. కానీ పిల్లల మందులకే తొంభై మంది వస్తే తొంభై నిమిషాలమ్మా. ఒంటిగంటకల్లా లైను అయిపోవాలి. సోమవారం చూస్తాను. కాకపోతే ప్రశ్న మానెయ్యండి."

సుభాషిణి తలూపింది గానీ మనసొప్పలేదు. కిందటి నెలలో అక్షరకు దగ్గొస్తే హనుమకొండలో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన ఆమెను కూర్చోబెట్టి, సిరంజి మీద పెన్నుతో గీత గీసి, "ఇంతవరకే మేడం" అని రెండుసార్లు చెప్పాడు. మందులే చదువుకున్న తనకు అంత ఓపికగా చెప్పారు. మరి సబియాకు? కిటికీ బొక్కలోంచి సీసా జరిపేసి "నెక్స్ట్" అంటే సరిపోతుందా? ఆ నిమిషం డబ్బున్నవాళ్లకేనా? మానేస్తే ఎవరి పిల్లకు ఏమవుతుందోనన్న భయం ఒకవైపు, మానకపోతే ఇంకో ముసలాయన ఎండకు పడిపోతాడేమోనన్న భయం ఇంకోవైపు.

సోమవారం రానే వచ్చింది. తెల్లవారేసరికి అక్షర ఒళ్లు కాలిపోతోంది. సుభాషిణి మందు పోసి, పిల్లను అత్తగారు చిలుకమ్మ ఒళ్లో పడుకోబెట్టి, గడప దాటి రెండుసార్లు వెనక్కి వచ్చి చూసి, చివరికి బయల్దేరింది. భర్త భానుచందర్ ఆ రోజు ఇంట్లోనే ఉంటానన్నాడు.

దవాఖాన తెరిచేసరికే లైను సందు మలుపు దాటింది. కిటికీ తలుపు తీసి మొదటి తల్లిని అడగబోయింది. ఆ తల్లి తానే మొదలుపెట్టింది.

"నేనే పోస్త మేడం. మా అత్తకు జెప్తా, సీసా ముట్టదు. గీ గీత దాక. చూడుండ్రి." మూతలో నీళ్లు సరిగ్గా కొలిచి చూపించి సీసా తీసుకుని వెళ్లిపోయింది.

రెండో ఆమె కూడా అంతే. మూడో ఆమె కూడా. సుభాషిణి కిటికీలోంచి మెడ చాచి చూసింది. లైను మధ్యలో, గోడ నీడన బోర్లించిన బకెట్ మీద హుసేన్‌బీ కూర్చుని ఉంది. నెల గోలీలకు వచ్చింది. ఎదురుగా ఎవరు నిలబడితే వాళ్లను పట్టుకుని తన కథ మొదలుపెడుతోంది.

"నా మనవడు ముగ్గురి చేతుల మందు తాగిండు, ఎరికేనా? నేను గూడ పోసిన, ఎందుకు దాస్త? నువ్వు చెప్పు, మీ ఇంట్ల ఎవరు పోస్తరు? మూత తియ్యి, పొయ్యి, చూపియ్యి. అరె, అంత గాదు!"

ఆ నీళ్ల సీసా, ఆ మూత ఆమె ఇంటి నుంచే తెచ్చుకుంది. లైను కదిలేలోపు ప్రతి ఒక్కరికీ ఒక రిహార్సలు అయిపోతోంది. కట్టయ్య ఆమె ఎదుటికి వచ్చాడు.

"నాకు పిల్లలు లేరు, ఏం లేరు. నా బీపీ గోలీలకు వచ్చిన. జరుగు."

"నీ గోలి ఎవరేసుకుంటరు?"

"నేను గాక మా ఇంటి బర్రె ఏసుకుంటదా?"

"నీ పెండ్లానికి షుగర్ ఉన్నది గదా. ఆమె గోలీలు యాడ పెడ్తరు?"

"ఇద్దరియి ఒక్క డబ్బల్నే."

"నీది ఎట్లుంటది?"

"గుండ్రంగ, తెల్లగ."

"ఆమెది?"

లైను మొత్తం చెవులు రిక్కించింది.

"గది గూడ... గుండ్రంగనే, తెల్లగనే," అన్నాడు గొంతు తగ్గించి.

అంతే, తుమ్ములన్నీ నవ్వులయ్యాయి. కట్టయ్య కిటికీ దగ్గరికి వచ్చి, ఎప్పుడూ లేనంత మర్యాదగా అడిగాడు. "మేడం, రెండు కవర్లు ఇస్తరా? ఒకదాని మీద ఎర్ర పెన్నుతోని గీత కొట్టుండ్రి. ఎర్రది నాది."

ఒంటిగంట కాకముందే డాక్టర్ సుదర్శన్ బయటికి వచ్చి లైను కోసం వెతుక్కున్నాడు. నలుగురే ఉన్నారు.

"ప్రశ్న మానేశారా?"

"లేదు సార్. అది బయటికి పోయి లైన్లో నిలబడ్డది," అంది సుభాషిణి, బకెట్ వైపు చూపిస్తూ.

హుసేన్‌బీ మోకాళ్లు పట్టుకుని లేచి, తన గోలీలు అందుకుని, సుభాషిణి మొహం పరీక్షగా చూసింది.

"ఏం బిడ్డా, మొకం గట్ల పీక్కపోయింది?"

"మా పాపకు జ్వరమమ్మా."

"మందు పోసేది ఎవరు?"

"నేనే. పొద్దున పోసే వచ్చిన."

"ఇప్పుడు ఇంట్ల ఎవరున్నరు?"

"మా ఆయన, మా అత్తమ్మ..."

"వాళ్లల్ల పోసేది ఎవరో చెప్పి వచ్చినవా?"

సుభాషిణి చేతిలోని గోలీల పట్టీ కిటికీ మీద పెట్టేసింది. చెప్పలేదు. ఊరందరినీ అడిగింది గానీ, తన గడపలో అడగలేదు. ఫోన్ తీసి నొక్కింది. తొందరలో స్పీకర్ కూడా పడింది.

"ఆ, చెప్పు సుభా," చిలుకమ్మ గొంతు. "పిల్ల బానే ఉన్నది. మళ్ల కొంచెం వేడి తాకుతాంది. ఇగో, మందు పోస్తాన."

"ఆగుండ్రి అత్తమ్మా! ఆయన ఏమన్న పోసిండా?"

"వాడా? వాడు బయట బండి కడుగుతాండు. ఏమిరా భాను, పిల్లకు మందు పోసినవా?"

దూరం నుంచి నీళ్ల చప్పుడుతోపాటు జవాబు వినిపించింది. "ఇందాకనే పోసిన గదనే! నువ్వు వంటింట్ల ఉంటివి."

అవతల గిన్నె మీద స్పూను పెట్టిన చప్పుడైంది. తర్వాత చిలుకమ్మ నెమ్మదిగా అంది. "స్పూన్ పిల్ల నోటి కాడికి పోయిందే బిడ్డా. నయం, గిప్పుడు ఫోన్ జేసినవ్."

డాక్టర్ సుదర్శన్ నవ్వి, తుమ్మాడు. "సుభాషిణిగారూ, ప్రశ్న ఉండనియ్యండి. లైన్లో అడిగేవాళ్లకు ఒక కుర్చీ, పైన నీడకు పట్టా నేను వేయిస్తా. బకెట్ మీద ఎన్నాళ్లు కూర్చుంటారు?"

"నేను రోజు రాను సారూ, నాకు మనవడున్నడు," అంది హుసేన్‌బీ. "కట్టయ్యను కూసోవెట్టుండ్రి. గొంతు మస్తుగున్నది." తర్వాత సుభాషిణి వైపు తిరిగి, చాలా పెద్దరికంగా చెప్పింది. "నువ్వు ఒక పాన్‌దాన్ కొనుక్కో బిడ్డా."

కొనాల్సిన పని పడలేదు. సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అక్షర చెమట పట్టి, హాయిగా బొమ్మలు విసురుతోంది. మందు సీసా ఎక్కడా కనపడలేదు. సుభాషిణి అరలన్నీ వెతుకుతుంటే చిలుకమ్మ నడుము దగ్గర దోపుకున్న వక్కల సంచి తట్టి చూపించింది. సంచి ఉబ్బి పక్కకు ఒరిగి ఉంది.

"పోసేది నేనే," అంది చిలుకమ్మ. "దీంట్ల చెయ్యి వెడితే నువ్వైనా, వాడైనా ఊకునేది లేదు."