సూరత్ అంచున ఓటు లేని గల్లీ

తప్పు మీది. సూరత్ వెళ్లి రింగ్ రోడ్‌లో చీరలు బేరమాడి వచ్చారు గాని, వాటిని నేసిన మన మనిషికి అక్కడ ఓటుందా అని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. పైగా ఎన్నికలప్పుడు వాళ్లను ఊరికి రప్పించడానికి మా పార్టీ తరఫున బస్సులు మాట్లాడినవాణ్ణి.

రాజేశం నా బడి స్నేహితుడు. ఇరవై ఏళ్లకే మరమగ్గాల పనికి సూరత్ వెళ్లాడు. కరోనా రెండో వేవ్‌లో ఆక్సిజన్ దొరక్క అక్కడే పోయాడు. 2021 చలికాలంలో అతని భార్య నర్సవ్వ ఫోన్ చేసింది. "అన్నా, ఈడ ఓటు రాయించుకుంట. ఈ ఆదివారమే ఆఖరట. కాయితాలు నింపనీకి జర రా."

సికింద్రాబాద్ నుంచి ఒక రాత్రి ప్రయాణం, స్లీపర్‌కు ఐదువందల చిల్లర. ఉదయం ఎనిమిదికి దిగాను. స్టేషన్ బయట షేర్ ఆటోలో ఉధ్నా దాకా ఇరవై రూపాయలు, అక్కడి నుంచి నగరం అంచుకు వేరే ఆటోలో అరవై. ఆ డ్రైవరుది బిహార్. "అక్కడ మగ్గాల మోత తప్ప ఏముంది సాబ్?" అన్నాడు హిందీలో. నీ ఓటెక్కడ అంటే నవ్వాడు. "ఊళ్లో. ఇక్కడ మాకు దొరికేది సవారీలే."

గల్లీ మొదట్లో నర్సవ్వ పక్కింటి కనకయ్య చాయ్ తాగించాడు. డెబ్బై ఏళ్ల నేతగాడు. ఈ నియోజకవర్గం చరిత్ర ఏ పుస్తకంలోనూ దొరకదు, ఆయన దగ్గర దొరుకుతుంది. "మేమొచ్చినప్పుడు ఇదంత చెరుకు తోట. పంచాయతీ అంత భూమి ఉన్నోళ్ల చేతుల ఉండె. ఆళ్లే పొలాలల్ల మగ్గాల షెడ్లు కట్టి సేఠ్‌లయిండ్రు. ఊరు నగరంల కలిసినంక ఆళ్లే కార్పొరేటర్లు."

"మరి మీరు?"

"ఒళ్లు ఈడ, ఓటు ఆడ. ఐదేండ్లకోసారి మీ బస్సు, మీ బిర్యాని పొట్లం. నువ్వే ఎక్కించినవు గదా, మరిచినవా?"

మరిచిపోలేదు. ఊళ్లో పేరుంటే ఊరు మనదే అనుకుని వాళ్లు ఓటు అక్కడే ఉంచుకున్నారు. మొదటి లాక్‌డౌన్‌లో ఆ నమ్మకానికి ఫలితం దక్కింది. బియ్యం సంచులు తెచ్చిన సూరత్ నాయకుడి మనుషులు ముందు ఇక్కడి ఓటరు చీటీ చూపమన్నారు. ఈ గల్లీని దాటి పక్క సొసైటీ గేటు దగ్గర సంచులు దించారు.

పదకొండింటికి నర్సవ్వా నేనూ ఓటరు నమోదు జరిగే బడికి వెళ్లాం. ఓటరు జాబితా రాసే టీచరమ్మ నెమ్మదిగానే అడిగింది. "ఇంటి కాగితం ఉందా, బెన్?" బెన్ అంటే అక్కడ అక్క.

"కిరాయి ఇల్లు. సేఠ్ సంతకం పెట్టడు."

"ఎందుకని?"

"పెడితే, ఎల్లమన్ననాడు ఎల్లనని భయం."

ఆధార్‌లో ఊరి చిరునామా. కరెంటు బిల్లు సేఠ్ పేరున. ముప్పై ఏళ్లు బతికిన చోటికి రుజువు లేదు. టీచరమ్మ తల దించుకుని, ఫారం వెనక్కి ఇచ్చింది.

మెట్లు దిగుతుంటే నర్సవ్వకు ఊరి నుంచి ఫోన్ వచ్చింది. స్పీకర్ పెట్టింది. "వదినా, రాజేశమన్న ఓటు కార్డు ఉన్నదా? జర పంపు, పనికొస్తది. పేరింక జాబితాల ఉన్నది."

ఆ గొంతు నాకు తెలుసు. బస్సుల పని నా దగ్గర నేర్చుకున్నవాడే.

"పంపుత. మనిషిని ఏడ కాలబెట్టిండ్రో గదీ రాసి పంపుత," అని పెట్టేసింది. నా వైపు చూడలేదు. "అన్నా, నేనీడ బతికినట్టు కాయితం లేదు. ఆయన సచ్చినట్టు ఆడ కాయితం లేదు."

తిరుగు రైల్లో నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. షెడ్డు సేఠ్ మీదా? అతను చేసింది మనమూ చేశాం. మనుషుల్ని వాడుకుని, పేర్లు మన దగ్గర ఉంచుకున్నాం. మీవాళ్ల కోసం ఇదే పని మీద వెళ్తే, నమోదు చివరి ఆదివారం దాకా ఆగకండి. ముందే వెళ్లి ఇంటి యజమానితో మాట్లాడండి.

ఆ గల్లీ తరఫున మా డిమాండ్లు ఇవి:

కిరాయి ఇంట్లో ఉన్నవాళ్లకు ఇరుగుపొరుగు సాక్ష్యంతో ఓటివ్వాలి.

ఓటరు చీటీ అడగకుండా బియ్యం ఇవ్వాలి.

పోలింగ్ రోజు మగ్గాలు ఆపి, కూలి ఇవ్వాలి.

బస్సులు పంపడం మానాలి. మా పార్టీ ముందుగా.

రాజేశం పేరు కొట్టేయాలి. నర్సవ్వ పేరు రాయాలి.