చక్రం మీద రాసిన ముప్పై ఆరు

మిలిటరీ లారీలకు ప్రతి చక్రం పైనా, మడ్‌గార్డు మీద తెల్ల పెయింటుతో ఒక అంకె రాసి ఉంటుంది. ఆ టైరులో గాలి ఎంతుండాలో చెప్పే అంకె అది. ఏ డ్రైవరు డ్యూటీకి వచ్చినా ఎవర్నీ అడగక్కర్లేదు, చదివి కొట్టించుకోవడమే. ఇరవై రెండేళ్ళు ఆ లారీలు తోలినవాణ్ణి. రిటైరై ఘాజియాబాద్‌లో ఉండిపోయాక, సెకండ్ హ్యాండులో కొన్న పెట్రోలు కారుకీ అదే పని చేశాను. వెనక చక్రాల మీద 36 అని రాశాను. అపార్టుమెంటులో పిల్లలు నవ్వితే నవ్వనిచ్చాను. డ్రైవరు తలుపు లోపల కంపెనీవాళ్ళు అంటించిన చీటీలో ముప్పై అనే ఉంది. కానీ మేము రోజూ వెనక సీటు మడిచి వంట గిన్నెలు పెడతాం. లోడు సంగతి నాకు చీటీ చెప్పాలా అనుకున్నాను.

ఆ గిన్నెలు మా ఆవిడవి. ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో కోచింగు కోసం వచ్చిన తెలుగు పిల్లలు నలభై మందికి ఆవిడ మధ్యాహ్నం భోజనం వండి పట్టుకెళ్తుంది. నలభై ఆరో ఏట డ్రైవింగు నేర్చుకుంది. నేర్పింది నేను కాదు. నా నోటి దురుసు తెలిసిన మనిషి కనక, చెప్పాపెట్టకుండా వెళ్ళి డ్రైవింగు స్కూల్లో చేరింది. నేను పోస్టింగుల్లో ఉన్నన్నాళ్ళూ ఆసుపత్రికి వెళ్ళాలన్నా, బియ్యం తెచ్చుకోవాలన్నా ఎవరో ఒకర్ని బతిమాలుకున్న మనిషి. లైసెన్సు వచ్చాక కారు తాళం కొంగున కట్టుకుని ఇల్లంతా తిరిగేది. నేను వేళాకోళం చేసేవాణ్ణి గానీ, చూడ్డానికి నాకూ బాగుండేది.

పోయిన వానాకాలానికి ముందు టైర్లు నాలుగూ అరిగాయి. కారుకి పదమూడేళ్ళు. పదిహేను నిండితే ఢిల్లీలో తిరగనివ్వరు. రెండేళ్ళ ముచ్చటకి నాలుగు టైర్లు దండగని రెండే కొన్నాను. షాపతను వాటిని వెనక్కి దొర్లించుకుంటూ పోతుంటే ఆపాను.

"అంకుల్ జీ, నయే వాలే పీఛే హీ లగ్‌తే హైఁ. బారిష్ మేఁ గాడీ పీఛే సే ఘూమ్‌తీ హై," అన్నాడు. కొత్తవి వెనకే వెయ్యాలి, వానలో కారు వెనకనుంచే తిరిగిపోతుంది అని.

నాకు ఒళ్ళు మండింది. కొండదారిలో లారీకి ముందు టైరు పేలితే నేరుగా లోయలోకే. అందుకే మంచి టైరు ముందుకే అన్నది మాకు మొదటి రోజు నేర్పిన పాఠం. అది అతనికి గట్టిగానే చెప్పాను. అతను "ఠీక్ హై" అని కొత్తవి ముందు బిగించాడు.

జులైలో ఒకరోజు మా ఆవిడ భోజనాలు ఇచ్చి ఖాళీ గిన్నెలతో తిరిగొస్తోంది. వాన. వంతెన దిగే మలుపులో కారు వెనక భాగం పక్కకి జారి, బొంగరంలా తిరిగి, డివైడరుకి కొట్టుకుంది. నేను వెళ్ళేసరికి రోడ్డు పక్కన చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంది. మణికట్టు ఎముక చిట్లింది. నన్ను చూసి మొదట అడిగిన మాట ఇది.

"ఏటండీ, గాలి తక్కువైపోనాదా? పొద్దున్నే మీరు రాసినంతా కొట్టించానే!"

"గాలికేం కాలేదు. నువ్వే బ్రేకు తొక్కేసుంటావు," అన్నాను.

అప్పటికి నేను నిజంగా అలాగే అనుకున్నాను. ఆ మాట వరకు నన్ను నేను క్షమించుకోగలను.

వారం తర్వాత బంపరు బాగుచేయించి, చక్రాలు కూడా చూపిద్దామని అదే టైరు షాపుకి వెళ్ళాను. అతను నా చెయ్యి పట్టుకుని వెనక టైరు మీద పెట్టాడు. అంచుల్లో గాట్లు ఇంకా ఉన్నాయి, నడిమధ్య మాత్రం నున్నగా అరిగిపోయింది. గాలి ఎక్కువై టైరు ఉబ్బి, మధ్య భాగమే రోడ్డుకి తగిలేదట. గిన్నెలు ఖాళీ అయ్యాక వెనక బరువు కూడా లేదు. ముందు కొత్త టైర్లు రోడ్డుని పట్టుకున్నాయి, వెనకవి వదిలేశాయి. అలా వదిలేస్తే ఎంత చెయ్యి తిరిగిన డ్రైవరైనా చేసేదేమీ ఉండదని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కొత్త టైర్లు వెనక్కి వేయించాను. గాలి ముప్పై కొట్టించాను. చక్రాల మీద అంకె మాత్రం చెరపలేదు. చెరిపితే ఎందుకని అడుగుతుంది.

వారం తిరిగేసరికి ఆవిడ ఒంటిచేత్తోనే వంట మొదలుపెట్టింది. కారు నేనే నడిపాను, ఆవిడ పక్కన కూర్చునేది. కట్టు విప్పాక తాళం ఇవ్వబోతే, "నాకొద్దు. మీరన్నది నిజమే, నాకు చేతకాదు," అంది. ఆ తాళం ఫ్రిజ్ మీదే ఉండిపోయింది. చెప్పేద్దామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. లారీలు తోలిన మొనగాణ్ణి, ఆ ఒక్క మాట తోలలేకపోయాను.

అక్టోబరులో ఒకరోజు ఇద్దరం లక్ష్మీ నగర్ వెళ్తూ గాలి కోసం బంకులో ఆగాం. గాలి కొట్టే అతను చక్రం మీద చూసి, "ఛత్తీస్?" అన్నాడు. నేను ఒక్కణ్ణే వచ్చినప్పటి అలవాటుగా "నహీఁ భయ్యా, తీస్," అనేశాను.

ఆవిడ నావైపు తిరిగింది.

"ముప్పై ఆరు కదా రాసుంది. ముప్పై అంటన్నారేటి?"

ఇంక దాచడానికి చోటు లేదు. బంకు పక్కన కారు ఆపి అంతా చెప్పాను. షాపతను ముందే చెప్పడం, నేను కసురుకోవడం, అరిగిన టైరు మీద చెయ్యి పెట్టి చూడ్డం, అన్నీ. వెనక గిన్నెల్లోంచి పప్పు వాసన వస్తోంది. ఆవిడ కోప్పడితే బాగుండునని చూశాను. కోప్పడలేదు. నయమైన మణికట్టుని రెండో చేత్తో పట్టుకుని కూర్చుంది.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"జులైలోనే."

"ఆ వంతెన కాడికొచ్చేసరికి రోజూ కళ్ళు మూసుకుంటన్నాను. పక్కనే ఉన్నారు కదా. చూళ్ళేదా మీరు?"

"చూశాను," అన్నాను. "రోజూ చూశాను."