యోసేపుకు ఇద్దరు తండ్రులెట్ల?

ఐదేళ్లప్పుడు నన్ను మా పెద్దనాన్నకు దత్తత ఇచ్చారు. ఎర్రుపాలెం దగ్గర ఆయనకు పొలం ఉంది, పిల్లలు లేరు. ఆ రోజు నుంచి కన్నతండ్రిని చిన్నాయన అని పిలవాలి. మావైపు పద్ధతి అది. మొదట్లో నోరు తిరగక ఏడ్చేవాణ్ణట. రెండువేల సంవత్సరం దాటాక, ఖానాపురం హవేలిలో కిరాయికి ఉంటూ బళ్లో లెక్కలు చెప్పే నాటికి, ఆ పిలుపు నాకు హాయిగానే ఉండేది. కూలికి పోయే మనిషి చిన్నాయన అయితే చెప్పుకోవడానికి తేలిక.

ఆయన అప్పటికి జూలూరుపాడు అవతల అడవి అంచు ఊళ్లో ఉండేవాడు. జబ్బు చేసి లేచాక ఆదివారం ప్రార్థనకు పోతున్నాడని తెలిసి నాకు ఒళ్లు మండింది. ఎవరిదో బైబిలు అడిగి తెచ్చి, తప్పులు వెతికాను. ఒకటి దొరికింది. వాళ్ల ప్రభువును పెంచిన యోసేపుకు తండ్రి ఒక వంశావళిలో యాకోబు, ఇంకో వంశావళిలో హేలీ. పిల్లవాడి లెక్కలో తప్పు పట్టుకున్నంత సంబరపడ్డాను.

మా బడి సారు ఒకతన్ని వెంటబెట్టుకుని, అతని బండి మీదే వెళ్లాను. రేకుల షెడ్డులో పాతికమంది కూర్చున్నారు. పాస్టరు వారమంతా మిరపతోటల్లో కూలి చేసుకునే మనిషి. ప్రార్థన ముగియగానే లేచి నిలబడి అడిగాను.

"ఒక్క మనిషికి ఇద్దరు తండ్రులెట్ల?"

పాస్టరు నన్ను చూశాడు. ముందు వరుసలో ఉన్న చిన్నాయనను చూశాడు. తర్వాత పుస్తకం మూసి, తనకు తెలియదన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ఊరుకోలేదు, తెలియనివాడు బోధించడం ఎందుకని కూడా అన్నాను. ఆయన తల దించుకుని నిలబడ్డాడు. మా సారు నా భుజం తట్టాడు.

చిన్నాయన మమ్మల్ని సాగనంపడానికి బయటికి వచ్చాడు. మా సారు బండి తీయడానికి పోగానే మెల్లగా అన్నాడు.

"ఆయనకు తెల్వక కాదు. మొన్న ఆదివారం అదే చెప్పిండు. యోసేపు కాలంల అన్న పిల్లలు లేకుండ చనిపోతే తమ్ముడు కన్న కొడుకు అన్న పేరు మీద ఉంటడంట. కన్నోడు ఒకడు, పేరుకు ఒకడు. నన్ను చూసుకుంటనే చెప్పిండు."

మరి ఇవాళ చెప్పలేదేమని అడిగాను.

"నేనే వద్దని తలూపిన. నువ్వు ఎవరి కొడుకువో నీ దోస్తుకు తెల్వదు గద."

తల కొట్టేసినట్టయింది. షెడ్డులోకి తిరిగి వెళ్లి ఆ మనిషికి క్షమాపణ చెప్పాల్సింది. వెళ్లలేదు. పోనీ, ఈయనను ఒక్కసారి నాయినా అని పిలవొచ్చు. అప్పటికే మా సారు బండి తెచ్చి పక్కనే ఆపాడు. అతను వింటాడని నాకు భయం వేసింది.

"పోయొస్త చిన్నాయనా" అన్నాను.