తాడుకు ఆ కొసన పెద్దాయన, ఈ కొసన నేను

ఒమాన్ దేశం నిజ్వాలో పాత మట్టిపేట గవిని దగ్గర నన్ను దింపి, కారు అద్దం కిందికి చేసి మామా చెప్పింది ఒకటే మాట. "సాయంత్రం వస్తా. మా అమ్మ ఉండమంటే ఉంటావు. వద్దంటే నీ పెట్టె కారులోనే ఉంది, ఇట్నుంచి ఇట్నే ఏర్‌పోర్టుకు."

మామా అంటే మన మామ కాదు. ఇంటి యజమానురాలిని అక్కడ పనిచేసే ఆడవాళ్ళంతా అట్లా పిలుస్తారు. ఇది తొంభైల మొదట్లో మాట. మస్కట్‌లో ఆమె పిల్లలను నా చేతులమీద పెంచాను. వాళ్ళు నాకంటే పొడుగయ్యారు, ఇంక నాతో పనేముంది? నిజ్వాలో ఆమె తల్లి ఒక్కతే ఉంది. మోకాళ్ళు పడిపోయాయి, అయినా పాత ఇల్లు వదిలి రాదు. పనిమనిషిని పెడితే నిలవనీయదు. ఒకామె మరీ మెల్లగా నడుస్తుందని పంపేసింది. ఇంకొకామె మరీ తొందరగా నడుస్తుందని పంపేసింది.

నాకు మాత్రం అక్కడ నిలవాలి. మొగుడు పోయాక కడప దిక్కు మా పల్లెలో నాకు మిగిలింది మరిది ఇంటి వసారాలో ఒక మూల. వడ్లబస్తా వస్తే ఆ మూల కూడా బస్తాదే.

మామా చూపించిన ఇంట్లోకి పోయాను. ముసలమ్మ ఎండిన కట్టెలా ఉంది, కళ్ళు మాత్రం నిప్పులు. నన్ను కింది నుంచి పైకి చూసింది. ఆమెది అరబ్బీ, నాది వంటింట్లో నేర్చిన నాలుగు అరబ్బీ ముక్కలు. తక్కినదంతా చేతులతో.

"వంట వద్దు. ఊడ్చేది వద్దు. అదిగో, దాన్ని తిప్పుకొని రా" అని ముంగిట్లో గుంజకు కట్టిన నల్లమేకను చూపించింది. దాని చెవి ఒకటి మడతపడింది.

"నాకు ఈ పేట తెలవదు, హబూబా" అన్నాను. వాళ్ళ భాషలో అది అవ్వ అని పిలవడం.

"దానికి తెలుసు. దాని వెనక పో."

సరేనని మేక వెనక పోయాను. ఆ సందులు ఎట్లాంటివంటే, రెండు చేతులు చాపితే రెండు గోడలు తగులుతాయి. పైన ఈ మిద్దె నుంచి ఆ మిద్దెకు ఈతమొద్దులు పరిచి గదులు కట్టేశారు, కింద చీకటి. పక్కనే సన్నకాలువలో నీళ్ళు గలగలమని పోతుంటాయి. మేక కాలువలో నీళ్ళు తాగింది, ఎవరి తలుపు దగ్గరో వేసిన ఖర్జూరపు గింజలు తినింది, ఒక ఇంట్లోకి పోయి ఇంకో వాకిలి నుంచి బయటికొచ్చింది. నేనూ అట్లే వచ్చాను. ఆ ఇంట్లో అన్నం తింటున్నవాళ్ళు తలెత్తి సలాం చెప్పారు. మేకకా, నాకా తెలియదు.

పోగా పోగా కోట కిందికి వచ్చాము. అక్కడ చూసింది నాకిప్పటికీ కళ్ళముందే ఉంది. గుండ్రంటి బురుజు, దాని పక్కన మసీదు గుమ్మటం, ఎదురుగా గుండ్రంగా ఒక అరుగు. అరుగు మీద తలపాగాల పెద్దలు వరసగా కూర్చున్నారు. దాని చుట్టూ మగవాళ్ళు, ముసుగుల ఆడవాళ్ళు, అందరూ ఒక్కొక్క మేకను పట్టుకొని చుట్లు తిరుగుతున్నారు. పైగా శుక్రవారం.

మా కడప దిక్కు మనిషికి అది చూస్తే ఏమనిపిస్తుంది? దర్గా అనే అనిపిస్తుంది. మా దిక్కు మేం హిందువులమైనా కష్టమొస్తే దర్గాకు మొక్కుకుంటాం. మేకను తోలుకుపోయి, చుట్లు తిప్పి, ముజావరు చేత చదివింపులు చేయించి వస్తాం. దేశం కాని దేశంలో స్వామి నాకు ఎదురొచ్చాడే అనుకున్నాను. చేతిలో మేక కూడా ఉందాయె. చెప్పులు విడిచి, కొంగు నెత్తిన కప్పుకొని చుట్లలో దూరాను.

"స్వామీ, ముసలమ్మ నన్ను ఉండనీయల్ల. ఉండనిచ్చిందంటే మేకను ఇచ్చుకుంటా. ఇది కాదు సామీ, ఇది వాళ్ళది. నాది ఇంకోటి కొని ఇచ్చుకుంటా" అని మనసులో చెప్పుకుంటూ తిరిగాను.

అరుగు మీదవాళ్ళు నన్ను చూసి ఏదో కేకలేశారు. దువా చేస్తున్నారనుకొని వంగి దండం పెట్టాను. మూడో చుట్టులో తెల్లగడ్డం పెద్దాయన ఒకాయన, చేతిలో సన్నటి కర్ర, నడుముకు వెండిపిడి కత్తి, అచ్చం ముజావరే, చెయ్యి చాపాడు. తాడు కొస ఆయన చేతిలో పెట్టాను. ఆయన మేక తల నిమిరాడు. తర్వాత నోరు తెరిచి పళ్ళు చూశాడు. తర్వాత పొదుగు పిసికాడు. మా ముజావర్లు పొదుగు పిసకరు, ఇక్కడి పద్ధతి ఇదేమో అనుకున్నాను. నా గుప్పిట్లో నోట్లు కుక్కాడు. ఎంత పెద్ద దర్గా కాకపోతే మొక్కినవాళ్ళకే ఎదురు డబ్బులిస్తారు!

ఆయన మేకను పట్టుకొని నడవబట్టాడు. పరుగెత్తి, మేక మెడ ముడి దాటి వేలాడుతున్న తాడు ఇవతలి కొస పట్టుకొని మణికట్టుకు చుట్టుకున్నాను.

"సామీ, తిప్పడానికే తెచ్చినా! కోసేదానికి కాదు!" అని తెలుగులో అరిచాను.

కోటగోడకు సున్నం పూసే కూలీలు పరంజి మీద ఉన్నారు. అందులోంచి ఒక గొంతు వచ్చింది.

"ఓ అక్కా! మన తెలుగామెవా? ఏం లొల్లి జేస్తున్నవే ఆడ?"

కరీంనగర్ దిక్కు మనిషి. సున్నం మొఖంతో కిందికి దిగి వచ్చాడు.

"చూడు నాయనా, ఈ ముజావరు మేకను వదలకుండా ఉండాడు" అన్నాను.

"ముజావరా? ఏ ముజావరు?"

"ఇది దర్గానే కదా?"

వాడు నన్ను చూశాడు, అరుగును చూశాడు, కడుపు పట్టుకొని కింద కూలబడ్డాడు. "ఓ అక్కా, దర్గా గాదే! గిది మేకల అంగడి! శుక్రవారం శుక్రవారం గిట్లనే తిప్పుతరు, నచ్చితె కొంటరు. నువ్వు తాడు ఆయన చేతుల పెట్టినవ్, పైసల్ దీసుకున్నవ్. ఖలాస్, అమ్మినవ్!"

"నేను అమ్మలా! మొక్కుకున్నా!"

"గది ఆయనకెట్ల సమజైతది?"

నోట్లు తిరిగి ఇవ్వబోయాను. పెద్దాయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. నలుగురి ముందర తాడు చేతికి వచ్చాక బేరం వెనక్కి పోదట. అట్లని ఆడమనిషి చేతిలోంచి లాక్కోవడం కూడా ఆయనకు మర్యాద కాదట. ఆయన లాగడు, నేను వదలను. మేకకు విసుగొచ్చి నడవడం మొదలుపెట్టింది.

ఆ రోజు పేటంతా అట్లా చూశాను నేను. ముందు పెద్దాయన, మధ్యలో మేక, వెనక నేను, నా వెనక సున్నం మనిషి. "ఫోర్‌మన్ జూస్తె నా డ్యూటీ పాయె" అంటూనే వచ్చాడు. ప్రతి వాకిట్లో ఎవరో ఒకరు రమ్మనేవాళ్ళు. పిలిస్తే పోకపోవడం తప్పు. పోతే ఖర్జూరాలు, కహ్వా అనే వాళ్ళ కాఫీ. తాగి చాలనుకుంటే చిన్నగిన్నెను ఊపాలి, ఊపకపోతే పోస్తూనే ఉంటారు. అది నాకు మస్కట్‌లోనే తెలుసు. కాని గిన్నె పట్టాల్సింది కుడిచేతితో, తాడు ఉన్నదీ కుడిచేతికే. ఒక చుక్క నోట్లో పడకముందే మేక తాడు లాగేది, గిన్నె ఊగేది. చాలంటోంది పాపం అని గిన్నె తీసేసుకునేవాళ్ళు. అవతల పెద్దాయనకూ అదే గతి. అన్ని ఇళ్ళు తిరిగి గొంతు తడవనివాళ్ళం ఆ పేటలో మేమిద్దరమే.

ఇంటింటికీ ఒక తీర్పు. తాడు ఇచ్చాక ఇచ్చినట్టేనని ఒక ఇంట్లో. తనది కాని మేకను ఎట్లా ఇస్తుందని ఇంకో ఇంట్లో. కాలువ గట్టున గిన్నెలు తోమే ఆడవాళ్ళు నా పక్షం. తోలుసంచులు కుట్టే ముసలాయన పెద్దాయన పక్షం. చెప్పినవాళ్ళంతా ఆఖరుకు ఏం జరుగుతుందో చూడాలని వెంట వచ్చేవాళ్ళు. మా పల్లెలో పొద్దున్నే నేను ఎదురైతే వెనక్కి పోయి, కాళ్ళు కడుక్కొని మళ్ళీ బయల్దేరేవాళ్ళు. ఇక్కడ చూస్తే నా వెనక తిరణాల.

మేక ఒక ఇంటి మెట్లెక్కింది. మేమూ ఎక్కాము. మిద్దె మీద చాపల్లో ఖర్జూరాలు ఆరబోశారు, అవి తినబట్టింది. పెద్దాయన ఆయాసంతో పిట్టగోడ మీద కూర్చున్నాడు, నేను ఈ పక్కన కూర్చున్నాను. పేటంతా కనిపించింది. మట్టి మిద్దెలు, అవతల ఈతతోటలు, కోట, కొండలు. చూస్తూ చూస్తూ ఒక ముంగిలి గుర్తుపట్టాను. ముసలమ్మది. ఒట్టి గుంజకు ఎదురుగా కూర్చొని ఉంది. వాకిలి తలుపు బార్లా తెరిచి పెట్టుకుంది. ఆ తలుపులోంచి ఎవరూ పోవడం లేదు, ఎవరూ రావడం లేదు.

నాకు ఏడుపొచ్చింది. పెట్టె కారులో ఉన్నందుకా, ఆమెను అట్లా చూసినందుకా, చెప్పలేను. "హబూబా!" అని గొంతు చించుకొని అరిచాను.

ఆమె తలెత్తింది. మిద్దె మీద తన మేక, ఒక తెల్లగడ్డం, నేను, మా వెనక సగం పేట. చెయ్యెత్తి, అందరూ ఇటు రండి అని ఊపింది.

అందరూ పోయారు. ఉత్తచేతులతో పోకూడదని ఆడవాళ్ళు ఇళ్ళకు పరుగెత్తి ఒకామె హల్వా, ఒకామె రొట్టెలు, ఒకామె కహ్వా కూజా పట్టుకొని వచ్చారు. ముంగిట్లో కాలు పెట్టే చోటు లేదు. మోకాళ్ళు పోయాక ఆ ముసలమ్మ ఎవరి గడపా తొక్కలేదు. అభిమానం గల మనిషి, రమ్మని కబురూ పెట్టలేదు. తిరగలేక ఇంట్లో ఉంటే, మమ్మల్ని మరిచిందిలే అని వాళ్ళూ మానేశారట. ఇప్పుడు పక్కన కూర్చొని ఆమె చెయ్యి పట్టుకొని ఒకళ్ళు ఏడుస్తున్నారు, ఒకళ్ళు తిడుతున్నారు.

సరిగ్గా అప్పుడే మామా కారు గవిని దగ్గర ఆపి నడిచి వచ్చింది. సందులోకి తిరిగేసరికి తల్లి వాకిట్లో జనం, లోపల ఆడవాళ్ళ ఏడుపులు. మామా అక్కడే "అమ్మా!" అని కూలబడి గుండెలు బాదుకుంది.

లోపల నుంచి ముసలమ్మ కేక. "చావలేదే! మేకను అమ్ముతున్నా! బేరం చెడగొట్టకు!"

అమ్మేసింది కూడా. నోట్లు నా దగ్గర తీసుకొని, ఈ మాత్రమేనా అని పెద్దాయన గడ్డం మీద ఒట్టేయించి ఇంకాస్త పెంచి మరీ అమ్మింది. నా మణికట్టుకు ఉన్న తాడు తన చేత్తోనే విప్పింది.

మామా కళ్ళు తుడుచుకొని, నన్ను చూసి మొహం మాడ్చింది. "ఒక్క పూటలో మేకను పోగొట్టింది. దీన్ని తీసుకుపోతా పద."

నేను కొంగు సర్దుకొని లేచాను.

ముసలమ్మ నా పైట చెంగు పట్టుకుంది. "మేక పోయింది. ఇంట్లో అరిచేది ఒకటి ఉండాలి కదా. ఇది ఉండనీ. పెట్టె దించు."

సున్నం మనిషి వాకిట్లోంచి నాకు తెలుగులో చెప్పాడు. నాకు వాడి తెలుగు అక్కరలేకపోయింది.

నిలబడ్డాను సరే, మొక్కు మాట? మేకల అంగడిలో మొక్కుకుంటే తీరింది. ఎవరికి తీర్చాలి? అడగడానికి ముజావరు లేడు. ఉన్నాయన పొదుగులు పిసికే మనిషి. ఏమైతే అదయిందని పై శుక్రవారం అరుగు దగ్గరికి పోయి, చెప్పులు విడిచి, ఒట్టి చేతులతో మూడు చుట్లు తిరిగాను. మేక బాకీ ఊరికి పోయినప్పుడు తీర్చుకుంటానని చెప్పుకున్నాను.

పరంజి మీద నుంచి కేక వచ్చింది. "ఓ అక్కా! మేక లేకుంట తిరిగితె నిన్నే కొంటరే!"

"నన్ను ముసలామె తీసేసుకుందని చెప్పు నాయనా" అని, ఆమె తెమ్మన్న ఉప్పు కొనుక్కొని ఇంటికి పోయాను.