గ్లాసు బావ, ఎర్ర కారు

సరే, మీరే చెప్పండి. ఇంటిల్లిపాదికీ మామూలు చెప్పులు అమ్మే కొట్టువాడు ఒకరోజు ఒక్క జతకి ఏడు జతల ధర చెప్పి, ఇవి పరుగు పందెం బూట్లు, కొనండి అంటే కొంటారా? మా బావకి సరిగ్గా ఆ చిక్కే వచ్చిపడింది.

మా బావంటే మా అక్క భర్త. ఇరవై రెండేళ్లుగా ఒకే షోరూమ్‌లో కార్లు అమ్ముతున్నాడు. పంతుళ్లు, నర్సులు, కొత్తగా పెళ్లయినవాళ్లు కొనుక్కునే మామూలు కార్లు. ఆ వెనక వీధిలోనే నాది సీటు కవర్లు కుట్టే కొట్టు కాబట్టి ఆయన సంగతులన్నీ నాకు తెలుసు. ఆయన అమ్మకానికో పద్ధతుంది. వచ్చినవాళ్ల చేతిలో నిండా నీళ్లున్న గాజుగ్లాసు పెట్టి, ఊళ్లో ఉన్న స్పీడ్ బ్రేకర్లన్నీ ఎక్కించి దించుతాడు. చుక్క ఒలకదు. బేరం కుదిరిపోతుంది. షోరూమ్‌లో యజమానితో సహా అందరికీ ఆయన గ్లాసు బావే.

ఈమధ్య కంపెనీకి ఏం బుద్ధి పుట్టిందో, ఒక స్పోర్ట్స్ కారు చేసి పంపింది. ఎర్రది. ఇద్దరే కూర్చోవాలి, కూర్చోవడమంటే దాదాపు పడుకోవడమే. దాని ధరకి మామూలు కార్లు ఏడొస్తాయి. నెలాఖరులోగా ఇది అమ్మలేకపోతే స్పేర్ పార్టుల గోడౌన్‌కి వెళ్లిపో అన్నాడు యజమాని. మాట్లాడందే పొద్దుపోని మనిషి నట్లూ బోల్టుల మధ్య ఏం బతుకుతాడు? అక్క దిగులు వేరే. అక్కడ మిగిలిపోయిన మాటలన్నీ ఇంటికి మోసుకొస్తాడని.

వచ్చినవాళ్లు కారు చుట్టూ తిరిగేవాళ్లు, ఫొటోలు దిగేవాళ్లు, ముందున్న మామూలు కార్ల కంపెనీ గుర్తు చూసి వెళ్లిపోయేవాళ్లు. చివరికి టైల్స్ వ్యాపారి ఒకాయన నిలబడ్డాడు. ఆయనకీ అదే బాధ.

"కారు బాగుందయ్యా. కానీ ఇదే గుర్తు మా గుమస్తా కారు మీదా ఉంది. ఇంత పోసి కొంటే నలుగురూ ఏమనుకుంటారు?"

బావ వాదించలేదు, ఒక రౌండు వేద్దాం రండి అన్నాడు. మా వీధికి పోనివ్వు, మా ఆవిడ చూస్తుంది అన్నాడు వ్యాపారి. ఊరికల్లా ఎత్తైన స్పీడ్ బ్రేకర్ ఆ వీధిలోనే ఉంది. బావకి ప్రాణం లేచొచ్చింది. ఇరవై రెండేళ్ల అలవాటు, చెయ్యి ఊరుకుంటుందా? నిండు గ్లాసు వ్యాపారి చేతిలో పెట్టేశాడు.

ఈ కారు పొట్టకీ నేలకీ మధ్య జానెడు కూడా లేదన్న సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు. ముందు చక్రాలు దాటాయి, పొట్ట బ్రేకర్ మీద చతికిలబడింది. నీళ్లన్నీ వ్యాపారి చొక్కా మీద.

ఇక గోడౌనే అనుకున్నాడు బావ. ఇంతలో వీధిలోవాళ్లు పోగయ్యారు. ఎవరో గుర్తు చూసి, ఇది మన కార్ల కంపెనీ బండే అన్నారు. ఎనిమిది మంది చొక్కా చేతులు మడిచి, నిద్రపోతున్న పిల్లని ఎత్తినంత జాగ్రత్తగా ఎత్తి అవతల పెట్టారు. మా బండికీ మొదట్లో ఇలాగే అయిందని ఒకాయన ఓదార్చాడు కూడా.

వ్యాపారి చొక్కా పిండుకుంటూ అంతా చూశాడు.

"అదే పెద్ద పేరున్న కారైతే వీడియోలు తీసుకునేవాళ్లు. చెయ్యెవడూ వేసేవాడు కాదు" అన్నాడు. "తీసుకుంటానయ్యా. కానీ రోజూ ఎనిమిది మందిని ఎక్కణ్ణుంచి తేను? ముందు ఆ బ్రేకర్ రెండు వేళ్లు తగ్గించే దారి చూడు."

మునిసిపల్ ఆఫీసులో అడిగితే వీధి మొత్తం సంతకాలు కావాలన్నారు. ఉన్నవి పద్నాలుగు ఇళ్లు. మూడు రోజుల్లో పదమూడు అయ్యాయి. పద్నాలుగోది రిటైరైన టీచరమ్మది. మూడేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి ఆ బ్రేకర్ వేయించింది ఆవిడే. బావ చెప్పిందంతా ఓపిగ్గా విన్నది.

"సంతకానికేం తొందర నాయనా? ముందు నన్ను అందులో తిప్పు. ఎంత వేగం పోతుందో చూశాక, మా వీధికి బ్రేకర్ కావాలో వద్దో చెప్తాను."

వేగంగా తిప్పితే బ్రేకర్ ఉండాల్సిందే అంటుంది. మెల్లగా తిప్పితే, ఇదేం స్పోర్ట్స్ కారని పక్కింటి వ్యాపారితో చెప్పేస్తుంది. రాత్రంతా ఈ లెక్కే మా అక్కకి వినిపించాడట.

నెలాఖరు ఎల్లుండే. ఈ పొద్దున బావ ఆ సంతకాల కాగితం జేబులో పెట్టుకుని, టీచరమ్మని తిప్పడానికి వెళ్తూ, చక్రాల కింద వేయడానికి నా కొట్లోంచి రెండు చెక్కలు పట్టుకెళ్లాడు. మధ్యాహ్నం దాటింది. చెక్కలూ రాలేదు, బావా రాలేదు.