పాయా లేబర్‌లో ఒక మంచు చెరువు

నేను రిటైరవ్వడానికి ఆరేళ్ల ముందు, జూన్ నెల మొదటి సోమవారం, ఏడాదంతా ఎండ కాసే పాయా లేబర్‌లోని మా ల్యూర్ల కర్మాగారంలో నాకొక పని అప్పగించారు. ల్యూర్ అంటే చేపను మోసగించే ఉత్తుత్తి ఎర. రేకుతోనో ప్లాస్టిక్‌తోనో చేస్తారు. కెనడా ఉత్తరాన ఒక పెద్ద చెరువు ఒడ్డున దుకాణం నడిపే వ్యాపారి మమ్మల్ని ఒక పెట్టె తయారుచెయ్యమన్నాడు. చలికాలంలో చెరువు గడ్డకట్టాక మంచుకి రంధ్రం చేసి వాల్‌ఐ అనే చేపను పడతారు. ఆ పనిలోకి కొత్తగా దిగేవాళ్లకి కావలసిన సామానంతా ఆ పెట్టెలో ఉండాలి. అందులో ఏ ల్యూర్లు, ఏ కొక్కేలు పెట్టాలో ఎంచి, పరీక్షించి, సంతకం చెయ్యడం నా వంతు. అప్పటికి నా హోదా సీనియర్ ఇన్‌స్పెక్టర్.

గడ్డకట్టిన చెరువును నేను చూడలేదు. ఇప్పటికీ చూడలేదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది.

నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. సముద్రం దాటి సెంబవాంగ్ షిప్‌యార్డులో ఓడల అడుగున తుప్పు గీకే పనికి వచ్చినవాణ్ణి. ల్యూర్ల కేటలాగు ఒక పక్క, డిక్షనరీ ఒక పక్క పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఏ రంగు ఎంత లోతులో కంటికి ఆనకుండా పోతుందో, ఏ చేప ఎరను మింగుతుందో, ఏది నోట పట్టి చూసి ఉమ్మేస్తుందో, డిప్లొమాలున్నవాళ్లెవరూ నాకు చెప్పలేదు. నేనే వాళ్లకి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ మీటింగు నోట్సులో వాళ్ల పేర్లే ఎక్కాయి. ఆ మంట ఇంకా చల్లారలేదు. చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు.

ఇక ఆ చేపను పట్టే టిప్-అప్ అనే పరికరం సంగతి. మంచులో చేసిన రంధ్రం మీద అడ్డంగా ఒక చెక్క పెడతారు. దాని కింద నీళ్లలో మునిగి ఒక రీలు, రీలు నుంచి దారం, దారం చివర ఎర ఉంటాయి. చేప లాగితే రీలు తిరుగుతుంది, వంచి బిగించిన స్ప్రింగు విడిపోతుంది, చిన్న ఎర్ర జెండా లేచి నిలబడుతుంది. మనిషి దూరంగా కూర్చుని జెండాల వైపు చూస్తూ ఉంటాడు. వాల్‌ఐ కళ్లు పిల్లి కళ్లలా మసకలో మెరుస్తాయట. పొద్దు వాలే వేళకి మేతకి బయల్దేరుతుందట. దారంలో కాస్త బిగువు తగిలినా ఎరను వదిలేస్తుందట. ఈ అట, అట అన్నవన్నీ కేటలాగుల్లోవి.

మా మెట్ల వెనక ఒక చల్లగది ఉండేది. మాకంటే ముందు అద్దెకున్నవాళ్లు అందులో మాంసం దాచేవారు. నేను దాన్లో మనిషెత్తు గాజు తొట్టి పెట్టించి, నీళ్లు నింపి, పైన మంచు దిమ్మలు తేల్చేవాణ్ణి. అవి ఒకదానికొకటి అతుక్కుని మూతలా అయ్యేవి. బయట మిట్టమధ్యాహ్నపు ఎండకి తారు మెత్తబడుతుంటే నేను రెండు స్వెట్టర్లు తొడుక్కుని, దీపం ఆర్పి, ఆ తొట్టి ముందు స్టూలు మీద కూర్చునేవాణ్ణి. చీకట్లో మెరిసే పూసలు పచ్చగా, నెమ్మదిగా కిందికి దిగేవి. మంచు దిమ్మలు ఎక్కడో చిటుక్కుమనేవి. కాసేపటికి గోడలుండేవి కావు. తెల్లటి మైదానం, దాని కింద నల్లటి నీరు, ఆ నీటిలో ఎవరి ఊసూ పట్టని ఒక చేప నిదానంగా తోక కదుపుతూ నా వైపు వచ్చేది. ఎంతసేపు కూర్చున్నానో తలుపు తీసినవాళ్లు చెబితేగాని తెలిసేది కాదు.

మేనేజర్ టాన్‌కి ఆ గది కంటిలో నలుసు. పని అప్పగించిన రోజే చెప్పాడు, ఈ పెట్టెను వ్యాపారి ఒప్పుకుంటే సరే, తిప్పి పంపితే ఆ గదిలో అట్టపెట్టెలు సర్దుతానని. నన్ను ప్యాకింగులోకి మారుస్తానని కూడా అన్నాడు. ప్యాకింగు సంగతి నేను సగమే విన్నాను. గది పోతుందన్న మాట మాత్రం పూర్తిగా విన్నాను.

పెట్టెలోకి ల్యూర్లు ముందుగా ఎంచింది ఫర్హీన్. హైదరాబాదు టోలిచౌకి అమ్మాయి, మా డిజైనరు, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ఆరు స్పూన్లు పెట్టింది. స్పూన్ అంటే చెంచాలా వంచిన మెరుపు రేకు. నీళ్లలో లాగితే గాయపడిన చిన్న చేపలా కొట్టుకుంటుంది. పెట్టె మూత అద్దంలోంచి ఆ ఆరూ నగల దుకాణంలోలా కనిపించాయి. టాన్ మురిసిపోయాడు.

ప్రతి నమూనాకి ఒక కార్డు, కార్డు మీద మూడు సంతకాలు: డిజైనరు, ఇన్‌స్పెక్టరు, మేనేజరు. ఇన్‌స్పెక్టరు ఎర్ర సిరాతో రాస్తే పని ఆగుతుంది. నేను ఎర్రగా రాశాను: "టిప్-అప్‌కి స్పూన్ పనికిరాదు. బతికున్న చిన్న చేపే ఎర. చిన్న కొక్కెం, పైన ఒక మెరిసే పూస చాలు."

టాన్ కార్డు చూసి, "ఫిష్ నాట్ బయింగ్ లా అంకుల్, కస్టమర్ బయింగ్," అన్నాడు. కొనేది చేప కాదు, మనిషే, నిజమే. కానీ ఆ మనిషి జెండా లేవక మంచు మీద కూర్చుని మమ్మల్ని తిట్టుకుంటాడన్నది ఇతని చదువులో లేదు.

ఫర్హీన్ కార్డు పట్టుకుని చల్లగదికే వచ్చింది.

"స్పూన్ల మీద ఇంత కోపమేంది అంకుల్?"

"స్పూను కదలాలంటే గాలం కర్ర ఆడించే చెయ్యుండాలమ్మా. టిప్-అప్ దగ్గర చెయ్యేదీ? మనిషి ఎక్కడో కాఫీ తాగుతుంటాడు."

"మంచు చెరువు నేనూ సూడలే, మీరూ సూడలే. మీకెట్ల తెలుసు?"

నాకు ఒళ్లు మండింది. ఆదివారం పొద్దున్న సెంబవాంగ్ జెట్టీకి రమ్మన్నాను. అక్కడ గాలం కర్రను కటకటాలకి ఆనించి, కొసకి చిన్న గంట కట్టి వదిలేస్తారు. అదీ చెయ్యి లేని గాలమే. రెండు కర్రలు పెట్టాను. ఒకదానికి ఆమె స్పూను. రెండోదానికి తోక దగ్గర పైపైన గుచ్చిన బతికున్న రొయ్య. స్పూను దారం, వంటింట్లో మేకుకి తగిలించిన గరిటెలా, నిటారుగా వేలాడింది. రొయ్య కర్ర కొస మాత్రం సన్నగా వణుకుతూనే ఉంది. అవతలి ఒడ్డు జోహోర్ వైపు నుంచి ఎండ నీళ్ల మీద పరుచుకుంటోంది. గంట మోగకముందే ఫర్హీన్ తలూపింది.

"సమజైంది అంకుల్. ప్రాణమున్నది తనే ఆడుకుంటది." రొయ్య కర్ర వైపే చూస్తూ, "కానీ అంత సలిలో గూడ ఆడుతదా?" అంది.

మర్నాడు ఆడించి చూపిస్తానన్నాను.

అరోవానా చేపలకి మేతగా అమ్మే చిన్న చేపలు అక్వేరియం దుకాణంలో పదిహేను కొన్నాను. ఒకదాన్ని జాగ్రత్తగా కొక్కేనికి గుచ్చి తొట్టిలోకి దించాను. నాలుగు గుక్కలు తిప్పుకుంది. తర్వాత పక్కకి ఒరిగి, ఆకులా, కదలకుండా వేలాడింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. పూస మాత్రం పైన పచ్చగా వెలుగుతూనే ఉంది.

నేను ఆ స్టూలు మీద చాలాసేపు కూర్చున్నాను. ఆ రోజు మైదానమూ రాలేదు, చేపా రాలేదు. చలిలో బతికున్న ఎర కదలకపోతే నా ఎర్ర సిరాకి అర్థమేమిటి? నమూనా పంపాల్సింది శుక్రవారం. ఇన్నేళ్ల కేటలాగులన్నీ ఒక్క కొక్కేనికి వేలాడుతున్నట్టనిపించింది. కార్డు తీసి, స్పూన్లు ఒప్పుకుంటూ రాసేద్దామని కలం మూత కూడా తీశాను.

ఫర్హీన్ స్వెట్టరు చేతులు పొడుగ్గా లాక్కుంటూ వచ్చి తొట్టిలోకి చూసింది. "ఈ చేపలు యాడివి?"

"బుకిట్ బటోక్‌లో మా బ్లాకు కింద దుకాణం."

ఆమె నా వైపు తిరిగింది. "అరె, మిమ్మల్ని బనియన్ మీద ఈ నీళ్లల దించితే మీరు ఈదుతరా అంకుల్? ఇవి ఎండల పుట్టినయి. ఆడి చేపలు మంచుగడ్డల పుట్టినయి."

కలం మూత మళ్లీ పెట్టేశాను. జీవితమంతా చదువుకున్నవాళ్లకి ఇంగితం లేదని అరిచినవాణ్ణి నేను.

"ఆడి చేప ఈడ దొరకదు," అంది. "మరి ఆ కెనడా దుకాణపాయన్నే అడిగితే పాయె గదా?"

"ఇన్‌స్పెక్టరు వెళ్లి కొనేవాణ్ణి అడుగుతాడా? నవ్వుతాడు."

"నవ్వనియ్యుండ్రి. జవాబైతే ఇస్తడు."

నిజానికి ఆ ఉద్యోగంలో మంచు మీద కూర్చున్న మనిషిని నేను ఒక్కసారీ ఏదీ అడగలేదు. అడిగితే నాకు తెలియదన్నది బయటపడుతుంది. డిప్లొమా లేనివాడికి ఆ భయం డిప్లొమా ఉన్నవాడికంటే ఎక్కువ. పెట్టెలో పెట్టాలనుకున్నవాటి జాబితా, చలిలో ఎర కదులుతుందా అన్న ప్రశ్న నేను చెప్పాను, ఫర్హీన్ ఈమెయిల్ టైపు చేసింది.

గురువారం జవాబొచ్చింది. వాళ్ల చిన్న చేపలు చల్లనీళ్లలో పుట్టినవేనట. మంచు కింద గంటలకొద్దీ ఈదుతాయట. వెన్ను రెక్క వెనక పైపైన గుచ్చుతారట. మామూలు టిప్-అప్‌కి చిన్న కొక్కెం, ఒక పూస, అంతకుమించి అక్కర్లేదన్నాడు. నేను రాసింది అక్షరాలా అదే. కాసేపు స్టూలు మీద రాజులా కూర్చున్నాను.

ఈమెయిల్లో ఇంకో పేరా ఉంది. జాబితాలో ఒక్క స్పూను కూడా ఎందుకు పెట్టలేదని అడిగాడు. వాళ్ల దగ్గర గాలి టిప్-అప్ అని ఇంకో రకముందట. దానికి ఒక రేకు పలక ఉంటుంది. చెరువు మీది గాలి ఆ పలకకి తగిలి ఊగుతుంటే, దారం కొసన స్పూను రోజంతా పైకీ కిందికీ ఆడుతూనే ఉంటుందట.

చెయ్యేదీ అని నేను అడిగాను. అక్కడ గాలి ఉంది. నా తొట్టిలో గాలి లేదు కాబట్టి నా లెక్కలోకీ రాలేదు.

కార్డు మీద "పనికిరాదు" కొట్టేసి, "గాలితో ఊగే రకానికి మాత్రం" అని రాసి, పక్కన పొడి సంతకం చేశాను. నాలుగు కొక్కేలు, నాలుగు పూసలు, ఫర్హీన్ స్పూన్లలో అన్నిటికంటే చిన్నది ఒకటి పెట్టెలోకి వెళ్లాయి. వ్యాపారి ఒప్పుకున్నాడు. గది నిలిచింది. మిగిలిన పన్నెండు చేపలను పక్క సెక్షన్ అతను ఇంటికి పట్టుకెళ్లాడు.

తర్వాతి నెల నుంచి నమూనా కార్డులో ఒక గడి పెరిగింది: పరీక్ష ఏ నీటిలో, ఏ ప్రాణితో, చూసినదెవరు. ఆ ఆలోచన ఫర్హీన్‌ది. మీటింగు నోట్సులో ఆమె పేరు నేనే దగ్గరుండి రాయించాను. పరీక్ష చేశామనడం ఒకటి, ఆ పరీక్ష ఎక్కడి సంగతి చెబుతుందో తెలియడం ఇంకొకటి. ఇది నాకు తెలియడానికి ఇరవయ్యేళ్లకి పైగా పట్టింది. మిగిలిన ఆరేళ్ల ఉద్యోగంలో ఆ గడిలో నేను ఎక్కువసార్లు రాసింది ఇది: "స్వయంగా చూడలేదు. చూసినవాళ్లని అడిగాను."